అన్నారు సారు

ఆయన పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఒకప్పుడు కర్నూలులో కలిసి పనిచేసిన వాళ్లందరం ఉన్న గ్రూపది. పుట్టినరోజు కేకులు, ఎవరో కుటుంబంతో వెళ్లి తీసుకున్న అహోబిలం ఫొటోలు తప్ప అందులో మామూలుగా ఏమీ రావు. ఆ రోజు పొద్దున్నే ఒకరు "అక్షర శిఖరం ఒరిగింది" అని పెట్టారు. దాని కింద ఇంకొకరు "కలం మూగబోయింది" అని పెట్టారు. మరొకాయన "అనంత లోకాలకు పయనమయ్యారు" అని రాసి దండం పెట్టే బొమ్మ తగిలించారు. ఒరిగిందెవరో, పయనమైందెవరో ఒక్కరూ రాయలేదు. నేను కంగారుగా ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి కనుక్కుని, "సార్ నిన్న సాయంత్రం గుండెపోటుతో చనిపోయారు" అని గ్రూపులో పెట్టాను. వెంటనే ఒక పెద్దాయన నాకు విడిగా మెసేజ్ పంపారు: "కొంచెం గౌరవంగా రాయొచ్చు కదమ్మా."

అంతకంటే గౌరవంగా రాసి ఉంటే సార్ కొట్టేసేవారు.

ఒక దినపత్రిక కర్నూలు ఎడిషన్‌లో ఆయన డెస్క్ ఇన్‌ఛార్జి. ఊళ్ల నుంచి విలేకరులు పంపిన వార్తల్ని దిద్ది, శీర్షికలు పెట్టి, పేజీలో కూర్చోబెట్టడం మా పని. నేను కడప నుంచి వచ్చి కొత్తగా చేరిన సబ్‌ ఎడిటర్‌ని. అందరం కంప్యూటర్ మీదే దిద్దేవాళ్లం. ఆయన మాత్రం ప్రతి వార్తనూ కాగితం మీదికి తీయించుకుని, ఎర్ర పెన్నుతో, వాక్యాన్ని చివరి నుంచి చదివేవారు. "క్రియ యాడుండాదో ముందు చూడల్ల. అది బాగుంటే మిగతాది చదవొచ్చు" అనేవారు. 'పేర్కొన్నారు' కనిపిస్తే పెన్ను తిప్పి వెనక కొసతో చెవి గోక్కునేవారు. 'ఉద్ఘాటించారు' కనిపిస్తే జేబులోంచి వక్కల డబ్బీ తీసేవారు. ఒక వక్క నోట్లో వేసుకుని, అది నలిగేదాకా ఆ మాటనే చూస్తూ కూర్చునేవారు.

నేను చేరిన రోజునే డబ్బీ బయటికి వచ్చింది.

"ఏమ్మా, ఈయప్ప ఉద్ఘాటించినాడని వదిలినావే. ఉద్ఘాటించడమంటే ఏం చేస్తారు?"

"గట్టిగా చెప్తారు సార్."

"నువ్వెప్పుడన్నా ఉద్ఘాటించినావా?"

"లేదు సార్."

"మీ ఇంట్లో ఎవరన్నా?"

"లేదు."

"మరి ఈయప్పకు మాత్రం ఏం అవసరమొచ్చింది? నోరు తెరిచినాడా, మాటొచ్చిందా? అయితే అన్నాడు. అంతే."

ఆ 'అన్నారు' మీద ఆయనకున్న పట్టుదలకి మూలం ఇంగ్లీషు. ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి ఏజెన్సీ వార్తలు ఇంగ్లీషులో వచ్చేవి. వాటిలో 'సెడ్' అన్న మాట చూస్తే ఆయన ముఖం చల్లబడేది. కాగితం నా వైపు తిప్పి వేలుపెట్టి చూపించేవారు. "చూడు. మంత్రి అయినా సెడ్డే, జేబులు కొట్టేవాడైనా సెడ్డే. అందరికీ ఒకటే కుర్చీ. మన దగ్గర చూడు, మంత్రి ఉద్ఘాటిస్తాడు, కలెక్టర్ ఆదేశిస్తాడు, పోలీసోళ్లు వెల్లడిస్తారు. రైతు మాత్రం వాపోతాడు. శెనక్కాయ ధర అడిగినా వాపోతాడు, నీళ్లెప్పుడొస్తాయని అడిగినా వాపోతాడు. రైతు ఒక్కనాడన్నా ఊరికే చెప్పకూడదా?"

ఇంగ్లీషు పత్రికల్లోనూ 'స్లామ్డ్' లాంటివి ఉన్నాయి కదా సార్ అని నేనొకసారి వాదించాను.

"ఉండాయి. స్లామ్ చేసేది తలుపును కదా. ఎవరో మంత్రి ఇంకో మంత్రిని స్లామ్ చేసినాడంట. వాళ్లకూ మన గాలి తగిలింది" అని ఆ కాగితాన్ని దూరంగా జరిపారు.

ఇంట్లో కూడా అంతేనట. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే వెళ్లాను. కొర్రన్నం వడ్డిస్తూ వాళ్లావిడ చెప్పింది: "ఈయనతో కొట్లాడినా మజా ఉండదమ్మా. ఒకనాడు ఇల్లు లేచిపోయేటట్టు అరిస్తి. మా చెల్లెలు ఫోన్ చేసి ఏమైందని అడిగితే 'మీ అక్క ఏదో అన్నది' అని పెట్టేసినాడు." సార్ తలెత్తకుండా పప్పు కలుపుకుంటూ "అన్నావు కదా మరి" అన్నారు.

ఇదంతా ఆఫీసులో మాకు వేడుకగా ఉండేది. ఒక నాయకుడికి మాత్రం నచ్చలేదు. పెద్ద పదవి ఏమీ లేదు, కానీ పదవి ఉన్నవాళ్లకన్నా ఎక్కువగా ప్రెస్‌మీట్లు పెట్టేవాడు. కాలువకు నీళ్లు వదలడం లేదని ఒకనాడు మాట్లాడాడు. మర్నాడు ఒక పత్రికలో 'నిప్పులు చెరిగారు', ఇంకొకదాంట్లో 'గర్జించారు', మా దాంట్లో 'అన్నారు'. ఆ సాయంత్రమే ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని మా ఆఫీసుకొచ్చాడు. తెల్ల చొక్కా చెమటకు తడిసి ఉంది. సార్ కుర్చీ చూపించి నీళ్లు తెప్పించారు.

"ఏమప్పా, నేను మైకు పగిలిపోయేటట్టు మాట్లాడితి. మీరు ఊరికే 'అన్నారు' అని ఏసినారు. మా ఇంట్లో వాళ్లే అడుగుతాండారు, ఆ పొద్దు నీకు ఒంట్లో బాగాలేదా అని."

"మీరు అన్నదంతా ఏసినాం కదా. ఒక్క ముక్క వదల్లేదు."

"అన్నదాంతో ఏం పని? ఎట్లన్నానో ఏయండి. పోనీ, హెచ్చరించినానని ఏయండి."

సార్ పెన్ను మూత తీశారు. నిజంగానే ఏసేలా ఉన్నారు. "హెచ్చరిక అయితే ఏయొచ్చు. నీళ్లు వదలకపోతే ఏం చేస్తామన్నారు?"

నాయకుడు వెనక నిల్చున్న మనుషుల వైపు చూశాడు. వాళ్లు గోడమీది క్యాలెండర్ వైపు చూశారు.

"ఏం చేస్తాం," అన్నాడు ఆయన చివరికి, "మళ్లా ప్రెస్‌మీట్ పెడతాం."

సార్ దాన్ని ఎంతో శ్రద్ధగా రాసుకున్నారు. మర్నాడు జిల్లా పేజీలో 'నీళ్లు వదలకపోతే మళ్లీ ప్రెస్‌మీట్ పెడతానని హెచ్చరిక' అని వార్త వచ్చింది. అతను అడిగిన క్రియే వేశాం, కానీ ఊరంతా నవ్వింది. నాయకుడు ఈసారి మా దగ్గరికి రాలేదు, హైదరాబాద్‌లో మా హెడ్డాఫీసుకే ఫోన్ చేశాడు.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆదేశం చిన్నదే. కర్నూలు పేజీలు చప్పగా ఉంటున్నాయి, ఇకనుంచి బలమైన క్రియలు వాడాలి. సార్ దాన్ని బయటికే చదివి వినిపించారు. గొంతులో ఏ కోపమూ లేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

మర్నాటి పేజీ ఆయన ఒక్కరే దిద్దారు. మేకలకు టీకాలు వేయించుకోవాలని పశువుల డాక్టర్ నిప్పులు చెరిగారు. చెత్త తడిదీ పొడిదీ వేరు చేయాలని మున్సిపల్ అధికారి గర్జించారు. సోమవారం బడికి సెలవని హెడ్మాస్టర్ ఉద్ఘాటించారు. బనగానపల్లెలో మామిడికాయలు ఈసారి ఆలస్యంగా వస్తాయని ఒక తోట యజమాని ధ్వజమెత్తారు. ఎవరి మీద అని నేనడిగితే "చెట్టు మీద" అన్నారు. జనం నవ్వుతారు, హెడ్డాఫీసుకు తలనొప్పి వస్తుంది, ఆదేశం వెనక్కి పోతుంది అని ఆయన లెక్క.

జనం నవ్వలేదు. పశువుల డాక్టర్ ఆ ముక్కను జిరాక్స్ తీయించి ఆసుపత్రి గోడకు అంటించాడు. మున్సిపల్ అధికారి ఫోన్ చేసి, ఇన్నాళ్లకు మా కష్టం ఒక పత్రిక గుర్తించిందని సార్‌కు కృతజ్ఞతలు చెప్పాడు. హెడ్మాస్టర్ స్వీట్ల డబ్బా పంపించాడు. కర్నూలు పేజీ కళకళలాడుతోందని హెడ్డాఫీసు మెచ్చుకుంది. సార్ ఆ స్వీట్లను తను ముట్టుకోకుండా మాకందరికీ పంచారు.

తర్వాత కొన్నాళ్లు ఆయన గమ్మునైపోయారు. గర్జించినవాళ్లను గర్జించనిచ్చారు, ధ్వజం ఎత్తుకున్నవాళ్లను ఎత్తుకోనిచ్చారు. వక్కల డబ్బీ అసలు బయటికే రాలేదు. మేమనుకున్నాం, సార్ దారికి వచ్చారని.

అలాంటి రోజుల్లో పోలీసుల నుంచి ఒక ప్రెస్‌నోట్ వచ్చింది. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి లోపలి రాగి తీగ ఎత్తుకుపోతున్న కేసులో ఒక మనిషిని పట్టుకున్నారు. ఊళ్లో ఒక షాపులో రైతుల మోటార్లకు తీగ చుట్టే మెకానిక్ అతను. చేతిలో ఎప్పుడూ రాగి తీగ ఉండే మనిషి కాబట్టి అనుమానం రావడం తేలికే. 'విచారణలో నేరం అంగీకరించాడు' అని నోట్‌లో ఉంది. విలేకరి దాన్నే రాసి 'చిక్కిన రాగి దొంగ' అని శీర్షిక పెట్టి పంపాడు. నేను దిద్ది సార్ ముందు పెట్టాను.

చాలా రోజుల తర్వాత డబ్బీ బయటికి వచ్చింది.

"అంగీకరించినాడని ఎవరన్నారు?"

"నోట్‌లో ఉంది సార్."

"నోట్ పోలీసోళ్లది. ఆ పిల్లోడు నీతో అన్నాడా, నాతో అన్నాడా?"

ఎర్ర పెన్నుతో 'దొంగ' కొట్టేశారు. వార్త మొదట్నుంచి చివరిదాకా తిరగరాశారు. అది ఇలా ముగిసింది: 'నేరం ఒప్పుకున్నాడని పోలీసులు అన్నారు.' శీర్షికలోనూ 'పోలీసులు అన్నారు' వచ్చేసింది. మర్నాడు మిగతా పత్రికలన్నిటిలో రాగి దొంగ పెద్ద అక్షరాల్లో చిక్కాడు. మా దాంట్లో పోలీసులు ఏదో అన్నారు.

హెడ్డాఫీసు ఇక ఊరుకోలేదు. ఆయన్ని జిల్లా పేజీ నుంచి తీసేసి, రాశిఫలాలు, పంచాంగం, పదవినోదం ఉండే పేజీకి మార్చారు. అక్కడైతే ఎవరూ ఏమీ అనరు కదా అని వాళ్ల ఉద్దేశం. మొదటి రోజే 'మేషం: ఆకస్మిక ధనలాభం ఉంటుందని సిద్ధాంతి అన్నారు' అని వచ్చింది. మీనం దాకా అన్నీ అంతే. సిద్ధాంతిగారు ఫోన్ చేశారు.

"నేను అనడమేంటి సార్, గ్రహాలు చెప్తాయి కదా."

"గ్రహాలు నాకు ఫోన్ చేయలేదు స్వామీ. మీరే పంపినారు" అన్నారు సార్ ఎంతో వినయంగా.

ఇది జరిగిన కొద్దిరోజులకే ఆ రాగి తీగ దొంగలు కడప వైపు లారీతో సహా దొరికారు. మెకానిక్‌కూ వాళ్లకూ ఏ సంబంధమూ లేదని తేలింది. అతన్ని ఇంటికి పంపించేశారు. మేమెవరమూ ఆ సంగతి పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం ఒకావిడ ఆఫీసుకొచ్చి "అన్నారని రాసినాయప్ప యాడుంటాడు?" అని అడిగింది. నేను ఆమెను రాశిఫలాల బల్ల దగ్గరికి తీసుకెళ్లాను.

మెకానిక్‌కు పిల్లనిచ్చిన అత్త ఆమె. స్వస్థలం బనగానపల్లె. కర్నూలు బస్టాండు పక్కన బండి మీద ఉగ్గాని బజ్జీ అమ్ముతుంది. బుర్ఖా మీద పిండి మరకలున్నాయి.

"సారూ, మా అల్లుడు పనికిమాలినోడే. నేను కాదన్ను. పొద్దున లేవడు, చెప్పిన మాట వినడు, నా కూతురు కాబట్టి ఏగుతాండాది. కానీ దొంగ మాత్రం కాదు. ఇప్పుడు షాపాయన పనిలోకి రావద్దంటాండాడు. రైతులు మోటార్లు ఇడిసిపోయేది నమ్మకం మీద, దొంగని పెట్టుకుంటే ఎవరొస్తారు అంటాండాడు. పట్టుకున్యాక అందరూ ఏస్తిరి. ఇడిసిపెట్టినారని ఒక్కరూ ఏయకపోతిరి. నువ్వొక్కడివే ఆ పొద్దు పోలీసోళ్లు అన్నారని రాస్తివి. అందుకే నీ దగ్గరికొచ్చినా."

సార్ చేతిలో ఇప్పుడు వార్తల పేజీ లేదు. నా వైపు చూశారు. నేను తలూపాను, జిల్లా పేజీలో కాస్త చోటు అడగగలను.

"రాయడానికేముందమ్మా, రాస్తాం. కానీ సంబంధం లేదని ఎవరో ఒకరు అనల్ల కదా."

"నేను అంటాండా కదా."

"నువ్వన్నది ఏస్తాను. అయితే పోలీసోళ్లు కూడా అనల్ల. ఆ పొద్దు అన్నోళ్లు వాళ్లే."

ముగ్గురం ఆటోలో స్టేషన్‌కు వెళ్లాం. ఎస్సై మర్యాదగానే కూర్చోమన్నాడు.

"ఇంటికి పంపించేసినాం కదా సార్. ఇంకేం కావాల?"

"పంపించినారు. అనలేదు" అన్నారు సార్. "ఆ కేసుతో ఇతనికి సంబంధం లేదని మీరొక మాటంటే రాసుకుని పోతాం."

"ప్రెస్‌నోట్ అంటే పైవాళ్లను అడగాల సార్."

"నోట్ వద్దు. మాట చాలు."

ఎస్సై నవ్వి, పనుందని జీపెక్కి వెళ్లిపోయాడు. మేం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఎండ బెంచీ మీదికి జరిగింది, మేం ఇటు జరిగాం. అత్త సంచిలోంచి ఉగ్గాని పొట్లాలు తీసి మాకు పెట్టింది, గేటు దగ్గరున్న కానిస్టేబుల్‌కూ ఒకటి పెట్టింది. సార్ తింటూ ఆమెను అడిగారు, నువ్వన్నది ఎంతవరకు ఏయమంటావని. 'పనికిమాలినోడే కానీ దొంగ కాదు' అని మొత్తం వేయమంది. మొదటి ముక్క అల్లుడికి బాధ కలిగించదా అని నేనడిగాను. "వానికి తెలిసిందే కదమ్మా. నేను దినామూ అంటాండేదే" అంది.

ఎస్సై తిరిగొచ్చేసరికి మేం అక్కడే ఉన్నాం. జీపు దిగుతూనే నిట్టూర్చాడు. ఈసారి సార్ కంటే ముందు అత్త లేచింది. ఆమె గొంతు పెంచలేదు.

"సారూ, ఆ పొద్దు వాడు ఒప్పుకున్యాడని పేపరోళ్లందరినీ పిలిచి చెప్తిరి. ఈ పొద్దు ఒక్కరికన్నా చెప్పండి. నా కూతురు ఈధిలోకి రావడంల్యా."

ఎస్సై టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కానిస్టేబుల్ ఉగ్గాని తింటున్న చేతిని వెనక్కి దాచుకున్నాడు.

"సంబంధం లేదు లేండి. అసలు దొంగలు దొరికినారు. రాసుకోండి."

"అన్నారా?"

"అన్నాను సార్." ఒక నిమిషం ఆగి, "స్పష్టం చేశారని ఏయండి, బాగుంటుంది" అన్నాడు.

సార్ జేబులోంచి పెన్ను తీస్తూ "స్పష్టం కావడానికి ఇంతసేపు పట్టింది కదా సార్. అన్నారు చాలు" అన్నారు.

జిల్లా పేజీ కొత్త ఇన్‌ఛార్జి, విడుదలైనవాళ్ల వార్తలు ఎవరు చదువుతారని గొణుక్కుంటూనే అడుగున చిన్న చోటిచ్చాడు. అత్త అన్నదాంట్లో మొదటి ముక్క చోటు చాలక ఎగిరిపోయింది. మర్నాడు పొద్దున పత్రిక చూసి ఆమె ఆ విషయానికే కాస్త నొచ్చుకుంది. మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని మోటార్ల షాపుకు బయల్దేరింది.

షాపాయన అద్దాలు సర్దుకుని ఆ నాలుగు వాక్యాలూ పైకే చదివాడు. చివరి మాట దగ్గర ఆగి, పత్రిక మీదుగా సార్‌ను చూశాడు.

"ఎస్సై నిజంగా అన్నాడా?"

"అన్నాడు. మేం ముగ్గురమూ ఆడనే ఉంటిమి."

"ఎట్లన్నాడు? గట్టిగా అన్నాడా?"

సార్ కొంచెం ఆలోచించారు. "మామూలుగా అన్నాడు."

షాపాయన వెనక్కి తిరిగి చూశాడు. మూలన విప్పి పెట్టిన మోటారు ఒకటి సగం చుట్టిన తీగతో అలాగే ఉంది. దాని సొంతదారు, కోడుమూరు వైపు రైతు, అప్పుడే ఇంకోసారి వచ్చి అడిగిపోయాడట. పైరు ఎండిపోతోంది.

"అది వాడు మొదలుపెట్టిందే. ఇంకొకడు ముట్టుకుంటే పాడైతాది" అంటూ షాపాయన పత్రిక మడిచి పక్కన పెట్టాడు. "వచ్చి చుట్టిపొమ్మను. రేపట్నుంచి మామూలుగానే రమ్మను."

అత్త అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల చాలాసేపు మోగింది. ఆమె మా వైపు చూసి, నేను చెప్పలేదా అన్నట్టు తలాడించింది. చివరికి ఎత్తాడు.

"ఏమప్పా, ఇంగా పండుకున్యావా? లెయ్. ముఖం కడుక్కో. పనికి రమ్మన్నారు."